అరుగు మీద ఇంగ్లీషు

"ఆగక్కడ! నీ నీడ అరుగెక్కుతోంది, కనపడటం లేదూ?"

వెంకటరాజు గారి అరుపుకి మిషను బడి పంతులు సాలమోను వెనక్కి తగ్గి, రాజోలు రాజుల వీధిలో మట్టి మీదే చతికిలబడ్డాడు. రాజుగారు అరుగు మీద పీట వేసుకుని, అతనికి ఎదురుగా కూర్చున్నారు. రోజూ ఇదే వరస. సాలమోను తన ముందు ఇసక పరిచి పుల్లతో రాస్తాడు. రాజుగారు పైనుంచి చూసి, తమ ముందున్న ఇసకలోకి దాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటారు.

కాలవ తవ్విస్తున్న దొరకి ఇంగ్లీషు తెలిసిన గుమాస్తా కావాలట. ఆ కొలువు తనదేననీ, రాకపోతే మీసం గొరిగించుకుంటాననీ రాజుగారు సంతలో నలుగురి ముందూ తొడగొట్టి వచ్చారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

"ఇవాళ మాటేంట్రా?"

"అసహ్యమని చెప్పడానికి గట్టి మాట కావాలని తమరే అడిగేరు కదండీ. అబార్ అండి. ఏ, బి, హెచ్, ఓ, ఆర్."

"అంటే?"

"ఉత్తినే ఇష్టం లేకపోవడం కాదండి. చూస్తేనే ఒళ్ళు జలదరించి వెనక్కి జరిగిపోయేటంత అసహ్యం అండి."

రాజుగారి మొహం వెలిగిపోయింది. "ఫరవాలేదే, దొరలకీ మంచి మాటలున్నాయి! వాడటం ఎలా?"

"ముందు 'ఐ' అనాలండి. తర్వాత 'అబార్'. ఆ తర్వాత దేన్ని అసహ్యించుకుంటారో దాని పేరండి. ఐ అబార్ కాకరకాయ. అలాగండి."

"ఐ అబార్ సాలమోను," అన్నారు రాజుగారు చప్పున.

"ఆయ్. తప్పులేదండి," అన్నాడు సాలమోను. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

రాజుగారికి ఆ వాక్యం తెగ నచ్చింది. అదే పదిసార్లు అని, పడీపడీ నవ్వుకున్నారు. ఇంకో వాక్యం నేర్చుకోవాలని ఆ మనిషికి తోచలేదు.

నవ్వు తగ్గాక సాలమోను నెమ్మదిగా అన్నాడు. "ఒక్క మనవి రాజుగారూ. తమరొకసారి దిగి, ఇటు నా పక్కకొచ్చి చూస్తే..."

"నీ పక్కకా! నాలిక తెగ్గోస్తాను. అబార్!"

"పోనీ అచ్చు పుస్తకం ఇదిగో, తెచ్చేనండి."

"దాని అట్ట ఆవుతోలు కాదూ? అబార్, అబార్! ఎక్కువ వాగకుండా, నేను రాసింది సరిగ్గా ఉందో లేదో చెప్పు చాలు."

సాలమోను కూర్చున్నచోటి నుంచే మెడ సాచి చూశాడు. "ఇక్కణ్ణించి చూస్తే నిక్షేపంలా ఉందండి."

అతను వెళ్ళగానే అచ్చాయమ్మ గారు తలుపు చాటు నుంచి పసుపునీళ్ళ చెంబు భర్తకి అందించింది. రాజుగారు అరుగు మీదా, అరుగు కిందా చిలకరించుకున్నారు.

"అదేంటండీ, కుడిచేతి వేపు నుంచి ఎడంచేతి వేపుకి రాస్తారూ? మన రాత అలా ఉండదు కదండీ."

"నవాబుల పారసీ రాత ఎటు నుంచి ఎటు నడిచేదే? రాజ్యాలేలేవాళ్ళ రాత అలాగే ఉంటుంది. వంటింట్లో ఉండేదానివి, నీకెందుకు?"

అచ్చాయమ్మ గారు చెంబు తీసుకుని లోపలికి పోయింది.

కొలువు పరీక్ష నాడు రాజుగారు మీసానికి ఆముదం రాసి మెలేసుకుని దొర బంగళాకి వెళ్ళారు. బల్లకి అటువైపు దొర. దొర పక్కన, మాటలు తెలుగు చేసి చెప్పడానికి సాలమోను. అదీ కుర్చీలో! కొలువు రానీ, ముందు వీణ్ణి వీధిలోకి ఈడ్పిస్తాను అనుకుని రాజుగారు బల్లకి ఇటువైపు కూర్చున్నారు.

"నేర్చుకున్న మాట ఒకటి రాయమంటున్నారండి," అన్నాడు సాలమోను.

రాజుగారు కలం అందుకుని, కాగితం కుడి చివర మొదలుపెట్టి ఎడమకి రాసుకుంటూ పోయారు. దొర ఎదుట కూర్చునే గడగడా చదివేసి, బల్ల చరిచి నవ్వాడు.

"నేను చదువుకోవడానికి వీలుగా అక్షరాలు నా వైపు తిప్పి రాసేరే, ఇంత మర్యాద తెలిసినవాళ్ళని ఎక్కడా చూళ్ళేదు అంటున్నారండి. ఆ మాట పెట్టి ఒక వాక్యం చెప్పమంటున్నారు."

తాము చేసిన మర్యాదేమిటో రాజుగారికి బోధపడలేదు. పొగడ్త కదా, ఎందుకైతేనేం? మీసం దువ్వి, సాలమోను కళ్ళలోకి సూటిగా చూస్తూ అన్నారు. "ఐ అబార్ సాలమోను."

దొర నవ్వు ఆగిపోయింది. సాలమోను వైపు ఒకసారి చూశాడు. దొర ఒక అచ్చుకాగితం తీసి, చదవమన్నట్టు రాజుగారి ముందు తిన్నగా పెట్టాడు.

రాజుగారు దాన్ని ఎగాదిగా చూశారు. ఒక్కక్షరమూ తెలిసినట్టు లేదు. చిరాకు పడి కాగితాన్ని గిర్రున తిప్పి, తలకిందులుగా పెట్టుకున్నారు. అప్పుడు గాని ప్రాణం కుదుటపడలేదు. కుడి చివర వేలు ఆనించి, "ఏ... బి..." అంటూ కూడబలుక్కోవడం మొదలుపెట్టారు.

దొర ఆ వేలినీ, తలకిందులైన కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి సాలమోను వైపు తిరిగి ఏదో అడిగాడు. సాలమోను లేచి నిలబడి ఇంగ్లీషులో బదులిచ్చాడు. తర్వాత, మీసం మీద చెయ్యి బిగుసుకుపోయిన రాజుగారికీ తెలియాలని తెలుగులో మళ్ళీ చెప్పాడు.

"తమరికి చదువు చెప్పిందెవరని అడిగేరండి. నేనేనన్నానండి. ఇసకలో నేను రాసిందంతా ఎదురుగా కూర్చుని తలకిందులుగా నేర్చుకున్నారండి, ఒక్కసారి నా పక్కకొచ్చి చూడండంటే అబార్ అన్నారండి అని చెప్పేను."