చెక్కల కింద కిర్రు

కిర్ర్.

మేస్త్రి అడుగు వేసినవాడు వేసినట్టే నిలబడిపోయాడు.

"విన్నావురా?"

"విన్నాను బావా," అన్నాడు బావమరిది నీరసంగా.

"ఎవరి సగం?"

"నాదే."

మేస్త్రి వంగి ఆ పలక మీద సుద్దతో గుండ్రం చుట్టాడు. అది పదిహేడో గుండ్రం.

టీచరమ్మ క్లాసుల హాలుకు చెక్కల నేల పరిచింది వాళ్లిద్దరే. తలుపు వైపు సగం బావమరిది, కిటికీల వైపు సగం మేస్త్రి. ముప్పై ఏళ్లలో మేస్త్రి పరిచిన నేల ఒక్కటీ నోరు తెరవలేదు. ఇది మూడు రోజులుగా తెరుస్తోంది. అదీ ఒకచోట కాదు. కింద ఎలుకను వదిలి పైన పలకలు బిగించినట్టు, ఇక్కడ పట్టుకుంటే అక్కడ. మేకులు మార్చారు. పలకలు ఊడదీసి మళ్లీ వేశారు. సందుల్లో మైనం రుద్దారు. మేస్త్రికి అదే ధ్యాస అయిపోయింది. పొద్దున మంచం దిగుతుంటే ఇంట్లో కూడా అదే చప్పుడు. "నేలకేం కాలేదు, నీ చెవికే పట్టింది పిచ్చి," అంది భార్య.

"నీ సగం కూడా ఓసారి తొక్కి చూడు బావా."

"నా చేతిపని నాకు తెలీదా?"

"చేతిపని చేతికి తెలుసు. కాళ్లని కూడా అడగొచ్చుగా."

"వెటకారాలొద్దు. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచెయ్యమని పదేళ్లుగా మొత్తుకుంటున్నా. ఇవాళ నీ సగం మొత్తం పీకేస్తా. పీకాక నీ దారి నీది, నా దారి నాది. మీ అక్క ఏడ్చినా సరే."

బావమరిదికి ఉలి పట్టుకోవడం నేర్పింది బావే. ఇంకొకరి దగ్గర పనిచెయ్యడం అతనికి కలలో కూడా తట్టని సంగతి.

తలుపు దగ్గర చప్పట్లు వినిపించాయి. టీచరమ్మ.

"ఒళ్లు దగ్గర పెట్టుకోవడం! నేను చెప్పే పాఠమంతా అదే మేస్త్రిగారూ. కరపత్రం నిండా రాసినా జనానికి ఎక్కలేదు. మీరు మూడు ముక్కల్లో తేల్చేశారు."

ఆవిడ నేర్పేది నాట్యం కాదు, కసరత్తూ కాదు. ఒళ్లు కదిలిస్తూ, అది చెప్పేది వింటూ, ఎవరిని వాళ్లు తెలుసుకోవడమట. ఆవిడ వెనకే ఏడుగురు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. అందులో ఒక బస్సు డ్రైవరు, ఒక టైలరు, ఒక జడ్జిగారు.

"ఇవాళ క్లాసు కుదరదమ్మా. నేల పీకాలి."

"గంటాగి పీకండి. ఈలోపు నా హాల్లో ఊరికే చూసేవాళ్లు ఉండకూడదు. మీరిద్దరూ రండి."

ఇంతమంది తొక్కితే దొంగ దొరక్కపోతాడా అని మేస్త్రి ఒప్పుకున్నాడు.

అందరూ నడిచారు. మెల్లగా, ముందు మడమ, తర్వాత వేళ్లు. మేస్త్రి మాత్రం గోడ దగ్గర కదలకుండా నిలబడి చెవులు రిక్కించాడు. అదీ పాఠమే అనుకుని టీచరమ్మ ఊరుకుంది. నేల నోరు మెదపలేదు. బస్సు డ్రైవరు రెండు గెంతులు గెంతాడు. ఊహూఁ.

మేస్త్రికి ఒళ్లు మండింది. "అలా కాదయ్యా. బరువు దించాలి, ఇలా," అంటూ మధ్యకొచ్చి మోకాళ్లు వంచి దిగాడు.

కిర్ర్.

"అదిగో!" ఏడుగురూ ఒక్కసారే చప్పట్లు కొట్టారు. మేస్త్రి పద్దెనిమిదో గుండ్రం చుట్టాడు. బావమరిది నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

తర్వాత ఒళ్లు దులపమంది టీచరమ్మ, తడిసిన కుక్క దులుపుకున్నట్టు. టైలరు దులిపితే జేబులోంచి గుండీలు రాలాయి. జడ్జిగారు కిసుక్కున నవ్వి, ఎవరు నవ్వారా అని తనే చుట్టూ చూశారు. మేస్త్రి మొదట ఒక భుజం కదిపాడు, ఈగ వాలితే కదిపినంత. తర్వాత రెండోది. ముప్పై ఏళ్ల రంపప్పొట్టు రాలిపోతున్నట్టుంది. నవ్వొచ్చింది. ఆపుకుంటే పొట్ట ఎగిరింది.

"ఇప్పుడు దొర్లండి!"

దుంగల్లా దొర్లారు. బావా బావమరిదీ ఢీకొన్నారు.

"చూసుకోరా!"

"నువ్వే నా సగంలోకి వచ్చావు!"

"అయితే పద, నా సగంలోకి!"

పడీ పడీ నవ్వుతూ, ఒకరి మీద ఒకరు దొర్లుతూ కిటికీల కింద తేలారు. పదేళ్లలో బావ అలా నవ్వడం బావమరిది చూడలేదు.

నవ్వు తగ్గాక మేస్త్రి కళ్లకు అవతల సుద్ద గుండ్రాలు కనిపించాయి. మొహం మళ్లీ బిగుసుకుంది.

"గంట అయిపోవచ్చింది. పలుగు తీసుకురా."

"ఇప్పుడే తెస్తా బావా," అన్నాడు బావమరిది కళ్లు తుడుచుకుంటూ. అవి ఏ నీళ్లో మరి.

"ఆగండాగండి, ఆఖరిది ఒక్కటుంది," అంటూ టీచరమ్మ తనూ వెల్లకిలా పడుకుంది. "కాళ్లు రెండూ పైకెత్తి గాల్లో సైకిలు తొక్కండి. ఎవరూ నవ్వొద్దు, మాట్లాడొద్దు. ఒళ్లు ఏం చెబుతుందో వినండి."

అందరూ కాళ్లెత్తారు. హాలు నిశ్శబ్దమైంది.

పదిమంది ఇరవై పాదాలూ గాల్లో తిరుగుతుంటే, మేస్త్రి ఎడమ మోకాలు మడతపడిన ప్రతిసారీ హాలంతా వినిపించింది: కిర్ర్.