ఎదురుకాళ్ళు

రేపు కాలువకి నీళ్ళు వదులుతారు. ఈలోగా యాభైమూడో సంవత్సరం వరదకి పగిలిన పడవకి తారు పూయడం ముగించాలని వంగిన సూరయ్యకి నడుం పట్టేసింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పట్టు వదులుతుంది కదా! అలా పుట్టిన అచ్చాయమ్మ పిన్నిని తీసుకురమ్మని భార్యని పంపి, చీకట్లో పడవలోనే బోర్లా పడుకున్నాడు.

కాసేపటికి చెక్క కిర్రుమంది. చల్లటి తడిపాదాలు నడుం మీదికెక్కాయి. ఎముక టక్కుమని, నొప్పి ఇట్టే పోయింది.

"బతికించేరు పిన్నిగారూ!" అంటూ గంతేసి లేచాడు. పడవలో ఎవరూ లేరు.

గట్టు మీంచి లాంతరెత్తి భార్య కేకేసింది. "ఏవండీ, పిన్నిగారు పొద్దున్నొస్తారంటండీ!"

ఆ వెలుగులో, ఎండిపోయిన కాలువలోంచి పడవ దాకా తడి అడుగులు కనిపించాయి. తిరిగి వెళ్ళినవి లేవు.

సూరయ్యకి నవ్వాగలేదు. మళ్ళీ బోర్లా పడుకుని, "ఎవరైనా సరేనండీ, ఈ ఎడం భుజం కూడా కాస్త తొక్కండి" అన్నాడు.

చెక్క కిర్రుమంది.