ఆరో వేలికి అడ్డం పడ్డ నాయనమ్మ

“ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా? ఏడాది పిల్లగా ఉన్నప్పుడే తీసుకురావాల్సింది,” అన్నాడు డాక్టరు, ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చూస్తూ.

కోడలు అత్తగారి వైపు ఒక చూపు విసిరింది.

నాయనమ్మ గోడ మీది గడియారం వైపు తిరిగింది. పిల్లకి ఆపరేషన్ మాట ఎత్తినప్పుడల్లా జలుబనీ, పళ్లొస్తున్నాయనీ, ఎండలు మండిపోతున్నాయనీ అడ్డం పడింది ఆవిడే. ఇప్పుడిక సాకులన్నీ అయిపోయాయి. పిల్ల బడికెళ్లే ఈడుకొచ్చింది.

“బడిలో పిల్లలు ఏడిపిస్తారండీ. ఈ ఆరో వేలు ఎవరి కంటా పడకూడదని పొడుగు చేతుల గౌన్లే తొడుగుతున్నాను,” అంది కోడలు.

“ఉంటే ఏం పోయిందట? వేలేగా, తోక కాదుగా,” అంది నాయనమ్మ.

పిల్ల కిసుక్కున నవ్వింది. కోడలు నవ్వలేదు.

“ఇందులో ఎముక కూడా ఉంది. దారం కట్టి ఊడగొట్టే రకం కాదు. మత్తిచ్చి తీసేస్తాం. పిల్లకి నొప్పి తెలియదు,” అన్నాడు డాక్టరు.

“నొప్పి దానికి కాదు నాయనా,” అని గొణిగింది నాయనమ్మ.

ఆవిడ బెంగ ఆవిడది. కొడుకూ కోడలూ తెల్లారితే ఉరుకులు పరుగుల మనుషులు. చెవికి ఫోన్ ఆనించుకుని, పళ్లు తోమిన పిల్లకే మళ్లీ పళ్లు తోముతాడు కొడుకు. “తిన్నానమ్మా” అని పిల్ల మొత్తుకుంటున్నా, అబద్ధాలాడకని గదమాయించి మళ్లీ తినిపిస్తుంది కోడలు. ఆ ఇంట్లో ఏనాడూ పొరపాటు పడనిది నాయనమ్మ ఒక్కతే. పిల్ల ఒళ్లోకి రాగానే ముందు గౌను ఎడమ చేతిని పైకి లాగి, వేళ్లు నిమురుతుంది. ఆ తర్వాతే “చిట్టీ” అంటుంది. “పిల్లల సంగతి మా అత్తయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు,” అని కోడలు ఊరంతా చెప్పుకుంటుంది.

ఆ వేలు పోతే ఆ పేరూ పోతుంది. కానీ ఆ మాట ఎవరితో అనగలదు?

ఆపరేషన్ అయిపోయింది. కుట్లు విప్పిన రోజున డాక్టరు తన పనితనం చూసుకుని తనే మురిసిపోయాడు.

“కొన్నాళ్లు పోతే ఈ గుర్తు కూడా మిగలదు మామ్మగారూ.”

ఆ కబురు నాయనమ్మ చెవిలో సీసం పోసినట్టయింది.

డాక్టరు అన్నంతా అయింది. బడి తెరిచేనాటికి గాటు ఎక్కడుండేదో వెతికినా దొరకలేదు. ఆ పొద్దున కోడలు వంటగదిలోంచి కేకేసింది.

“అత్తయ్యా, చిట్టి పాలు తాగిందేమో కాస్త చూడండి.”

సరిగ్గా అప్పుడే కొత్త గౌను తొడుక్కుని పిల్ల గెంతుకుంటూ వచ్చి ఒళ్లో వాలింది. నాయనమ్మ అలవాటు చొప్పున ఎడమ చెయ్యి అందుకుంది. నిమిరింది. మళ్లీ నిమిరింది.

అంతలో అదే గౌనుతో, అవే రెండు జడలతో, అచ్చుగుద్దినట్టు అదే ముఖంతో దాని కవల గదిలోంచి దూసుకొచ్చి, తనూ ఎడమ చెయ్యి చాపి, “మా ఇద్దరిలో చిట్టి ఎవరో చెప్పు నాయనమ్మా,” అంది.