షుగర్ లేని దేశం

సింగపూర్ పాసిర్ రిస్‌లో, పన్నెండో అంతస్తు ఫ్లాట్ కిటికీ దగ్గర, కేశవరావు తడిబట్టలు వెదురు కర్రకు తగిలిస్తున్నాడు. తొమ్మిదింటికి పాలీక్లినిక్‌లో పరగడుపున షుగర్ పరీక్ష ఉంది. ఇప్పటికే రెండుసార్లు ఎగ్గొట్టాడు.

"ఎనిమిదిన్నరైంది," వంటింట్లోంచి భార్య కమలాదేవి కేకేసింది.

"లేని రోగానికి పరీక్ష దేనికే? అమ్మాయ్ కీర్తికా, నువ్వైనా చెప్పు."

కోడలు కీర్తిక లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. యూరప్ దేశాల ఆరోగ్య లెక్కలన్నీ ఒకచోట చేర్చడం ఆమె ఉద్యోగం.

"ఈ యూరప్ లెక్కల్లో ఒకటి తేలడం లేదు మామయ్యా. చుట్టుపక్కల దేశాల్లో నూటికి తొమ్మిదిమందికి షుగర్. మధ్యలో ఉన్న ఒక చిన్న దేశంలో మాత్రం ఇద్దరికే."

"చూశావా కమలా! అచ్చం నాలాంటి మనుషులు. హాయిగా తింటారు, డాక్టర్ మొహం చూడరు."

"అయితే వాళ్ల దగ్గరికే పోయి ఉండండి. నాకు రెండు పూటల వంట తప్పుతుంది."

కీర్తిక ఆ దేశం సర్వే ప్రశ్నావళి తెరిచి చూసి, ఉన్నట్టుండి నవ్వేసింది.

"దొరికింది మామయ్యా! మిగతా దేశాల్లో రక్తపరీక్ష చేసి లెక్కేశారు. వీళ్లు షుగర్ ఉందని డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా అని జనాన్ని అడిగారంతే. పరీక్షకు వెళ్లనివాళ్లందరూ లేదనే రాశారు."

"అంటే లేనట్టేగా?"

"ఉందో లేదో ఎవరికీ తెలీదు. వాళ్లకీ తెలీదు."

కేశవరావు చేతిలో చొక్కాను కర్రకు తగిలించి లోపలికొచ్చాడు.

"ఎలాగూ వెళ్లరుగా, తినండి," అంటూ కమలాదేవి జీడిపప్పు ఉప్మా తెచ్చి ముందు పెట్టింది.

ఆయన ఆ ప్లేటు వంక ఆశగా చూశాడు. తర్వాత దాన్ని మెల్లగా పక్కకు జరిపి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.