యేసుదాసు సాక్ష్యం

“ఆ దండ కింద పెట్టు నాయనా! యాడికి పోతాండావ్?”

షామియానా వెనక తండ్రి దారికి అడ్డంగా నిలబడింది ప్రసన్నకుమారి. తెల్ల యూనిఫాం, నెత్తిన నర్సు టోపీ. చేతిలో ఒక పాత కాగితం.

ముందువైపు మైకులో డాక్టర్ మాధవయ్యను ఆకాశానికెత్తుతున్నారు. ఛాతీ కోసి ఊపిరితిత్తి క్యాన్సర్‌ను తీసిన మొనగాడు నంద్యాల చుట్టుపక్కల ఆయనొక్కడేనట. ఆయన అలా కోసిన మొదటి రోగి ప్రసన్న తండ్రి యేసుదాసు. ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కేవాడు. 1974లో ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. పన్నెండేళ్లుగా ఏటా ఆసుపత్రి వార్షికోత్సవానికొచ్చి, చొక్కా ఎత్తి కుట్లు చూపించి, చర్చిలో చెప్పినట్టే సాక్ష్యం చెబుతాడు. జనం చప్పట్లు కొడతారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని అలా నిలబెట్టడం ప్రసన్నకు ఎప్పుడూ నచ్చలేదు. నిన్నటి నుంచి అస్సలు ఓర్చుకోలేకపోతోంది.

“పాత రికార్డుల గది సర్దుతాంటే దొరికింది. నీ ఊపిరితిత్తిని పరీక్షకు మద్రాసు పంపినారే, ఆ రిపోర్టు ఇది. క్యాన్సర్ లేనే లేదంట! రాతిదుమ్ము పేరుకోని గడ్డ కట్టిందంట. కోసే పనే లేదు నాయనా!”

“మెల్లగ మాట్లాడు పాపా.”

“ఎందుకు మెల్లగ? కింద ఆయన సంతకముంది, తేదీ ఏసి మరీ. చూసి కూడా నోరు మూసుకున్నాడు. నిన్ను సంతలో ఎద్దు మాదిరి చూపిచ్చి పేరు తెచ్చుకున్నాడు!”

“నీకు నర్సు సీటు ఇప్పిచ్చింది ఆయప్పే.”

“పోతే పోనీ ఈ కొలువు! మళ్లా ఆళ్లగడ్డకు పోయి రాళ్లకు పాలిష్ పడతా. పది పాసై రెండేండ్లు నీ పక్కన కూచోని పట్టలేదా?”

యేసుదాసు చెయ్యి విసురుగా లేచింది. కూతురి మీద ఎన్నడూ చెయ్యెత్తని మనిషి.

“ఆ దుమ్ము మాటెత్తితే పండ్లు రాలగొడతా!”

ప్రసన్నకు ఒళ్లు మండిపోయింది. ఊపిరితిత్తి పోగొట్టినవాడి మీద లేని కోపం తన మీదా?

“సిగ్గు లేదా నాయనా నీకు? చదువు రాదని నిన్ను మోసం చేసినాడు. పో, పోయి దండెయ్. నీ వెనకాలే వచ్చి ఈ కాగితం మైకులో చదువుతా. ఊరంతా వినాల!”

మైకులో యేసుదాసు పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి.

అతడు కదల్లేదు. కూతురి చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. ఒక్కక్షరం రాని ఆ మనిషి వేలు తిన్నగా పోయి డాక్టరు సంతకం మీద ఆగింది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. దండను రెండు చేతుల్లోకి తీసుకుని, ఆమె మొహం చూడకుండా అన్నాడు.

“ఆయప్ప నాకిది చదివి వినిపిచ్చిన దినమే, నీకు సీటు అడిగినా.”