దారానికి పడిన ముడి

సూరత్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా ఇంట్లో తెలుగు తప్ప వినిపించనివ్వని నాకు గుజరాతీ అర్థం కాదని మా అబ్బాయి ప్రజ్వల్ ధీమా. డాక్టరుగారు ఆ భాషలో మెల్లమెల్లగా చెప్పినదంతా విని, వాడు నా వైపు తిరిగి నవ్వాడు.

“కడుపుల గాంఠ్ ఉన్నదంట అమ్మా.”

“గాంఠ్ అంటే?”

మరమగ్గాల ఇంట పుట్టినవాడు కదా, పోలిక కోసం వెతుక్కోలేదు. “ముడే. మగ్గం మీద దారానికి పడ్తది జూడు, గసొంటిదే. గోలీలేస్తే ఇడిపోతది. జర టైం పడ్తది, అంతే.”

“మరి నీ కండ్లెందుకు తడిసినయిరా?”

“ఏసీ గాలికి.”

“ఇక్కడ తిరిగేది ఫ్యాను బిడ్డా.”

మేముండే ఆల్థాన్‌లో ఆటో దిగేవరకు వాడు నా చేయి విడవలేదు. రోడ్డు దాటడానికైనా ఎవరి చేయీ పట్టుకోని నేను, ఈసారి విడిపించుకోనూ లేదు.

నేను ఒంటరిగా వెళ్లి నా పరీక్షల రిపోర్టు తీసుకున్నది కిందటి వారం. ఆ రోజే డాక్టరుగారిని శుద్ధమైన గుజరాతీలో కోరాను: “క్యాన్సరు చివరి దశకు వచ్చిందని మా వాడికి మీరే చెప్పండి. కాస్త మెల్లగా చెప్పండి. నా కోసం అబద్ధం అల్లుకోవడానికి వాడికి వ్యవధి కావాలి.”