కడుపు కోశాకే కదలాలి

మూస్ అనే అడవి దుప్పి వచ్చి సరిగ్గా కుక్కల మధ్యలో పడింది. గుర్రానికి రెండింతలుంది, దాని దుంపతెగ! మంచుబండికి తాళ్ళతో కట్టేసిన కుక్కలు ఎక్కడికని పారిపోతాయి? ముందుకాళ్ళెత్తి అది దబదబా తొక్కేస్తోంటే ఎముకలు విరుగుతున్న చప్పుడు బండి వెనక నిలబడి తోలుతున్న వెల్మాకు వినిపించింది.

"పో! పోవే!" అని అరుస్తూ గొడ్డలి తీసుకుని దూకింది. ఆమె దగ్గరున్నది అదొక్కటే. మొదటి దెబ్బ మెడకు తగిలింది. మూస్ తిరిగి ఒక్క తన్ను తన్నేసరికి వెల్మా వెళ్ళి గడ్డకట్టిన యూకాన్ నది మీద పడింది. పక్కటెముకలు కలుక్కుమన్నాయి. అయినా లేచింది. ఈ కుక్కబండ్ల పందెం పూర్తిచేస్తేనే వెయ్యి మైళ్ళ పందెంలోకి రానిస్తారు. చిన్నప్పట్నించీ ఆమె కోరికల్లా అదే. మూస్ తలమీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. మొహమంతా వేడి నెత్తురు చిమ్మింది. అది కూలిపోయాక కూడా ఏడుస్తూ, తిడుతూ కొడుతూనే ఉంది.

రెండు కుక్కలు చచ్చిపోయాయి. అందులో ఒకటి అన్నిటికీ ముందు పరిగెత్తే మిట్స్.

వెనక బండిలో వస్తున్న మోరిస్ మామయ్య చూసి ఆగాడు. ఆగక తప్పదు. మూస్‌ని చంపినవాళ్ళు కడుపు కోసి, మాంసం పాడవకుండా చేశాకే కదలాలి. వెనకొచ్చినవాళ్ళు దాటిపోకూడదు, తామూ ఓ చెయ్యి వెయ్యాలి. పందెం కట్టుబాటది.

"నీకెందుకే ఈ పందాలని చెప్పానా లేదా? ఇంటికి పో!"

"పోను. కత్తి తియ్యి మామయ్యా."

"మొండిఘటం! అచ్చం మీ అమ్మే."

ఇద్దరూ కడుపు చీల్చి పేగులు లాగారు. మోచేతులదాకా చేతులు లోపల పెట్టిన మామయ్య ఉన్నట్టుండి ఆగిపోయాడు. పిడికిలి బయటికి తీసి విప్పాడు. తూటా!

"నీ దగ్గర తుపాకీ లేదుగా?"

"లేదు."

"గాయం పచ్చిగా ఉంది. ముందెళ్ళినవాడే కాల్చాడు. పూర్తిగా చంపితే కోస్తూ కూర్చోవాలి, ఆలస్యమైపోతుందని సగం చంపి ఉడాయించాడు. నొప్పికి పిచ్చెక్కి ఇది నీమీద పడింది. వెనకొచ్చేవాళ్ళు చస్తే వాడికేం? దరిద్రుడు! నీ ముందు ఎంతమంది వెళ్ళారు?"

"ఒక్కడే."

వెల్మా చచ్చిన కుక్కల్ని బండిలో పడుకోబెట్టి దుప్పటి కప్పింది. మిగిలినవాటిని మళ్ళీ వరసగా కట్టింది. గొడ్డలి మాత్రం సంచిలో పెట్టలేదు, చేత్తోనే పట్టుకుంది.

"ఎవడే వాడు?" మామయ్య గద్దించాడు.

"మా ఆయన."